అభిమానుల దూషణల మధ్య కొత్త కథకు చోటెక్కడ?

ప్రశ్న:
ఒక పెద్ద హీరో సినిమాలో రెండో సగం నచ్చలేదని రెండు వాక్యాలు రాసినందుకు, తెల్లవారేసరికి మా ఇంట్లోవాళ్లను కూడా కలిపి తిడుతూ ఎన్నో వ్యాఖ్యలు వచ్చాయి. వాటిలో కథ గురించి ఒక్క మాటా లేదు, మొదటి రోజు వసూళ్ల అంకెలే ఉన్నాయి. ఇలాంటి వాతావరణంలో కొత్త కథ రాసేవారికి ధైర్యం ఎక్కడి నుంచి వస్తుంది?

మొదటి జవాబు:
మీకు జరిగినది చదివి బాధ కలిగిందండీ. అయినా కొత్త కథకు ప్రేక్షకులు లేరని అనుకోకండి. 2018లో వచ్చిన ‘కేరాఫ్ కంచరపాలెం’లో పేరున్న తారలు లేరు, విశాఖపట్నంలోని ఆ ప్రాంతవాసులే చాలా పాత్రలు ధరించారు. వేర్వేరు వయసుల ప్రేమకథలను పక్కపక్కనే నడిపి, చివర వాటిని కలిపిన తీరు (చూడనివారి కోసం అది చెప్పను) ఏ హీరో ప్రవేశ సన్నివేశానికీ తీసిపోని ఆనందాన్ని నాకిచ్చింది.

రెండవ జవాబు:
పై మాటతో ఏకీభవిస్తాను కానీ, ఆ సినిమాను సమర్పించడానికి రానా దగ్గుబాటి గారు ముందుకొచ్చారన్న సంగతి మరువకూడదు. అలాంటి అండ దొరకని కథలు ఎన్నో ఉంటాయి. దూషణ మన దగ్గరే కాదు, బయటి దేశాల్లోనూ ఉంది: ‘స్టార్ వార్స్’ నటి కెల్లీ మేరీ ట్రాన్, నెలల తరబడి వేధింపులు ఎదుర్కొన్నాక, 2018లో తన ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తొలగించారు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నా అభిప్రాయాన్ని తొలగించకుండా అలాగే ఉంచుతున్నాను.