ఆదివాసీ స్త్రీల వేడుకలలో ప్రకృతి స్పృహ నిజంగా ఉన్నదా, మనమే అంటగడుతున్నామా?

కొండగాలి (ప్రశ్న):
ఆగస్టు 9న వచ్చే ప్రపంచ ఆదివాసీ దినోత్సవం కోసం మా కళాశాల పత్రికకు, ఆదివాసీ స్త్రీలు కలిసి జరుపుకొనే వేడుకల మీద ఒక వ్యాసం రాయవలసి ఉంది. ఇంతవరకు చదివిన వ్యాసాలన్నీ ఒకే పాట పాడుతున్నాయి: గిరిజన మహిళలు ప్రకృతిని పూజిస్తారు, అక్కచెల్లెళ్లలా చేయీచేయీ కలిపి ఆడతారు, అంతే. ఈ మాటల వెనుక నిర్దిష్టమైన ఆచారాలు, కట్టుబాట్లు ఉన్నాయా, లేక పట్టణాలలో కూర్చున్న మనం మన ఆశలను వారి మీద రుద్దుతున్నామా? తెలిసినవారు ఉదాహరణలతో చెప్పగలరు.

మన్యం పాఠకురాలు:
కట్టుబాట్లు ఉన్నాయండీ, వాటిని పట్టుకోవాలంటే కొత్త పండుగల దగ్గర మొదలుపెట్టండి. పాడేరు, అరకు ప్రాంతాలలోను, పార్వతీపురం మన్యంలోను చాలా తెగలలో కొత్త పంటగాని, కొత్త కాయగాని చేతికి వచ్చినప్పుడు, ఊరంతా కలిసి దేవతకు సమర్పించేవరకు ఎవరూ దానిని నోట పెట్టరు. మామిడికి ఒక కొత్త, సామలకు ఒక కొత్త, కొర్రలకు, చిక్కుళ్లకు కూడా ఒక్కొక్కటి. దీనిని కేవలం భక్తిగా చూస్తే సగమే చూసినట్లు. ముందు వెళ్లినవారిదే చెట్టు అన్న పోటీకి ఇక్కడ తావు లేదు, కాయ ముదిరేదాకా కొమ్మ మీదే ఉంటుంది, ముదిరిన కాయలోనే విత్తనానికి సత్తువ ఉంటుంది. అడ్డాకులు కోయడం, చింతపండు కొట్టి గింజ తీయడం, తిండిగింజలు దంచడం ఎక్కువగా ఆడవారి పనులే గనుక, ఈ నియమాన్ని నడిపించే భారంలో పెద్ద పాలు వారిదే. పూజ దగ్గర మాత్రం పూజారి పురుషుడే కనిపిస్తాడు, ఫొటోలలో పడేదీ ఆయనే.

ఆదిలాబాద్ వాసి:
కేస్లాపూర్ నాగోబా జాతరను కూడా చూడండి. ఇంద్రవెల్లి మండలంలో పుష్య అమావాస్యనాడు మొదలయ్యే ఈ జాతర గోండులలోని మెస్రం వంశీయులది. వారు హస్తినమడుగు నుంచి గోదావరి జలాన్ని కాలినడకన తెస్తారు. ఆ వంశంలోకి కోడళ్లుగా వచ్చినవారు తెల్లచీరలు కట్టుకొని, ముసుగు వేసుకొని, పెద్దావిడల వెంట వరుసగా వెళ్లి నాగోబాను దర్శించుకొంటారు. దీనిని భేటింగ్ అంటారు. అది జరిగిన తరువాతే వారికి వంశ పూజలలో పాల్గొనే అర్హత వస్తుంది. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చిన కొత్త కోడళ్లు ఒకేరోజు ఒకే గుంపులో నిలబడటం వలన ఏర్పడే బంధుత్వం చిన్నది కాదు. అయితే ఇందులో వరుసలు, వయసు, వంశం అన్నీ లెక్కకు వస్తాయి. అందరూ సమానమే అన్నట్లు రాస్తే పొరపాటవుతుంది.

గింజలపెట్టె:
పైవారిద్దరితో ఏకీభవిస్తూనే, అరకు ప్రాంతపు సామూహిక నృత్యమైన థింసాను వదిలిపెట్టవద్దని నా మనవి. చేతులు వెనుకగా పెనవేసుకొని, పక్కవారి నడుము పట్టుకొని, ఒకరు తడబడితే వరుస మొత్తం తడబడేలా ఆడే ఆట అది. పోతర్ తోలా థింసాలో ఆకులు ఏరే పని, భాగ్ థింసాలో పులి నుంచి తప్పించుకోవడం కనిపిస్తాయి. విడిది గృహాల దగ్గర పర్యాటకుల కోసం ఆడే పొట్టి ప్రదర్శన చూసి దాని మీద అభిప్రాయం ఏర్పరచుకోవడం మాత్రం అన్యాయం.

ప్రకృతి స్పృహకు ఉదాహరణ కావాలంటే అరకుకు ఆనుకొని ఉన్న కోరాపుట్ వైపు చూడండి. ఆ జిల్లాకు చెందిన ఆదివాసీ రైతు కమలా పూజారి దేశవాళీ వరి విత్తనాలను ఏళ్ల తరబడి సేకరించి, తోటి స్త్రీలను కూడగట్టి కాపాడారు. 2019లో ఆమెకు పద్మశ్రీ లభించింది, 2024లో కన్నుమూశారు. విత్తనం దాచేవారు ఒక్కరే అయితే ఒక్క చెడ్డ ఏడాదితో రకం పోతుంది. పది ఇళ్లలో ఉంటే అడిగి తెచ్చుకోవచ్చు. మీరు అడిగిన సోదరీభావం పనిచేసే తీరు ఇదే.

కొండగాలి:
అందరికీ కృతజ్ఞతలు. కొత్త పండుగలతో మొదలుపెట్టి, విత్తనాల మీదికి వెళ్తాను. ప్రతిచోటా తెగ పేరు రాస్తాను, గిరిజనులు అని ఒకే గాటన కట్టను. భేటింగ్ ఫొటో వేయాలంటే ముందుగా మెస్రం పెద్దల అనుమతి తీసుకోవాలేమో, ఆదిలాబాద్ వాసి గారు ఎవరిని అడగాలో చెప్పగలరా?