మొదటిసారి స్టాల్ పెడుతున్నాను, చేతి లేసుకు ధర ఎలా చెప్పాలి?

నమస్కారం అండీ. మాది నరసాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మమ్మ, అమ్మ లేసు అల్లారు, నేనూ ఎనిమిదో తరగతిలోనే సూది పట్టాను. ఇన్నాళ్లూ ఏజెంటు దారం ఇస్తే అల్లి కూలి తీసుకోవడమే. మా లేసుకు 2024లో జీఐ గుర్తింపు (ఇది ఫలానా ప్రాంతపు ప్రత్యేక వస్తువు అని ప్రభుత్వం ఇచ్చేది) వచ్చిందని అందరం సంతోషపడ్డాం కానీ నా కూలి మాత్రం పెరగలేదు. అందుకే సొంతంగా అమ్మాలని గట్టిగా అనుకున్నాను.

వచ్చే నెల రాజమండ్రిలో చేతిపనుల ప్రదర్శనలో మూడు రోజులకు ఒక బల్ల ఇచ్చారు. నా అసలు టెన్షన్ ధర గురించే. ఒక టేబుల్ క్లాత్‌కి రోజుకు 4 గంటల చొప్పున 20 రోజులు పడుతుంది. గంటకు 50 రూపాయలు వేసుకున్నా దారం కాకుండానే 4,000 అవుతుంది. మిషన్ లేసు చూసినవాళ్లు "ఇంత రేటా?" అంటే ఏం చెప్పాలి? అక్కడే కూర్చుని అల్లుతూ ఉంటే తేడా తెలుస్తుందేమో అనిపిస్తోంది. మీలో ఎవరైనా అలా చేశారా?

తెల్ల లేసు కనిపించాలని కింద ముదురు నీలం గుడ్డ పరుస్తాను, లేసు నిటారుగా ఉండేలా దానికి గంజి కూడా పెడతాను. గ్లాసుల కింద పెట్టే చిన్నవి, జాకెట్టు అంచులు ఎన్ని తీసుకెళ్లాలి? డిజైన్లు ఫోటో తీసుకుంటామంటే ఒప్పుకోవచ్చా? స్టాల్ పెట్టిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.