కారు దానంతటదే ఉరికిందంటే తప్పు కాలిదా, కారుదా?

తుంగభద్ర_44 (కర్నూలు)

"బ్రేకే తొక్కినా, అయినా కారు దానంతటదే ఉరికింది." కర్నూల్లో, అనంతపురంలో, కడపలో ఏ షెడ్డుకు పోయినా ఈ మాట వినపడుతుంది. ఏఎంటీ (క్లచ్ పెడల్ లేకుండా గేర్లు వాటంతటవే పడేవి), ఆటోమేటిక్ కార్లు పెరిగినాక ఇంకా ఎక్కువైంది. నా అభిప్రాయం సూటిగా చెప్తా: ఇట్లాంటి వాటిల్లో చాలామటుకు తొక్కింది బ్రేకు కాదు, యాక్సిలరేటరే. కోపం తెచ్చుకోకుండా లెక్క చూడండి.

మంచి కండిషన్లో ఉన్న కారుకు ఇంజన్ కంటే బ్రేకుల బలమే ఎక్కువ. అమెరికాలో కార్ అండ్ డ్రైవర్ పత్రికవాళ్లు టొయోటా వీ6 క్యామ్రీ కారును గంటకు 113 కిలోమీటర్ల మీద పెట్టి, యాక్సిలరేటర్ అడుగంటా తొక్కి ఉంచే బ్రేకు కొట్టి చూసినారు. 190 అడుగుల్లో నిలబడింది. యాక్సిలరేటర్ వదిలేసి కొడితే 174. తేడా 16 అడుగులే. అట్లాంటప్పుడు ఇంటి గేటు ముందర నిలబడిన కారు, బ్రేకు మీద కాలు ఉండగా ఎదుటి గోడ దాకా ఎట్లా పోతుంది? ఇంజన్ రేస్ పట్టుకోవాల, అదే క్షణంలో బ్రేకూ పోవాల, గుద్దినాక రెండూ మళ్లీ బాగైపోవాల.

1980లలో ఆడి 5000 మీద అమెరికాలో ఇదే గొడవ జరిగింది. 1989లో అక్కడి రహదారి భద్రతా సంస్థ విచారించి, యాంత్రిక లోపం కనపడని కేసుల్లో కారణం ఒక పెడల్ అనుకుని ఇంకోటి తొక్కడమేనని చెప్పింది. బ్రేకు తొక్కితేనే పార్క్‌లోంచి గేరు కదిలే లాక్ వాడుకలోకి వచ్చింది ఆ గొడవ వల్లనే.

గండికోట_గేరు (జమ్మలమడుగు)

అన్నా, బ్రేకు లెక్క ఒప్పుకుంటా. కానీ "కాలిదే తప్పు" అని ముందే తీర్పు చెప్పేస్తే బండిని ఎవరూ విప్పి చూడరు. నా అభ్యంతరం అక్కడే.

ఇప్పటి కార్లలో యాక్సిలరేటర్‌కు కేబుల్ లేదు. పెడల్ కాడ రెండు సెన్సార్లుంటాయి. చాలా మోడళ్లలో ఆరు వైర్లు: రెండు 5 వోల్టులవి, రెండు గ్రౌండు, రెండు సిగ్నల్. పెడల్ వదిలినప్పుడు ఒక సిగ్నల్ సుమారు 0.75 వోల్టు చూపిస్తే రెండోది దాంట్లో సగం చూపించాల. అడుగంటా తొక్కినా ఆ సగం లెక్క తప్పకూడదు. తప్పిందంటే ఈసీఎం (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) పీ2138 కోడ్ వేసి, లైటు వెలిగించి, బండిని నీరసం చేసేస్తుంది. ఎలుక వైరు కొరికినా సాధారణంగా అయ్యేది ఇదే: బండి ఉరకదు, పికప్ చచ్చిపోతుంది. ఇంతవరకు నీ మాటే నెగ్గింది.

కానీ టొయోటా సంగతి చూడు. 2009లో, 2010లో రెండు రకాల రీకాల్స్ జరిగినాయి. ఒకటి పెడల్‌ను పట్టేసే ఫ్లోర్ మ్యాట్, ఇంకోటి తొక్కినాక వెనక్కి రాకుండా బిగుసుకునే పెడల్. రెండింట్లో ఏదీ డ్రైవర్ కాలి తప్పు కాదు. నాసా ఇంజనీర్లు ఎలక్ట్రానిక్స్ అంతా పరీక్షించి, 2011 ఫిబ్రవరిలో ఉరకడానికి కారణమైన లోపం దొరకలేదన్నారు, అది నిజమే. అయితే కొన్ని పెడల్ సెన్సార్లలో తగరం పూత మీద వెంట్రుక కంటే సన్నని పోగులు మొలిచి, సిగ్నళ్లను కలిపేసిన సంగతి కూడా వాళ్లకే కనపడింది. 2013 అక్టోబరులో ఓక్లహోమా కోర్టులో 2005 క్యామ్రీ కేసుకు జ్యూరీ 30 లక్షల డాలర్ల పరిహారం ఇచ్చింది. మెమొరీలో ఒక్క బిట్ తారుమారైనా థ్రాటిల్‌ను (ఇంజన్‌లోకి గాలి వదిలే తలుపును) చూసుకునే పని ఆగిపోవచ్చని అక్కడ సాఫ్ట్‌వేర్ నిపుణుడు సాక్ష్యం చెప్పినాడు. లోపాల గురించి జనానికి సరిగా చెప్పలేదని 2014 మార్చిలో అమెరికా న్యాయశాఖకు ఆ కంపెనీ 120 కోట్ల డాలర్లు కట్టింది.

మన ఊర్లలో నేను ముందు అనుమానించేది కంపెనీ భాగాలను కాదు, బయట బిగించినవాటిని. పెడల్ సాకెట్‌కూ వైరింగుకూ మధ్య తగిలించే "పికప్ బాక్స్" ఉంది చూడండి, అది చేసే పనే ఈసీఎంకు అబద్ధం చెప్పడం: మీరు 20 శాతం తొక్కితే 40 తొక్కినట్టు సిగ్నల్ పంపుతుంది. రెండు సిగ్నళ్లనూ కలిపే పెంచుతుంది కాబట్టి కోడ్ కూడా పడదు. ఏఎంటీ కారుకు అది తగిలించి ఇరుకు సందులో పార్క్ చేసేటప్పుడు ఉరికిందంటే, అది కాలి తప్పా?

ఇంకోటి థ్రాటిల్ బాడీ క్లీనింగ్. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా వేలితో ప్లేటు నెట్టి కడుగుతారు, తర్వాత ఐడిల్‌ను (పెడల్ తొక్కనప్పటి ఇంజన్ వేగాన్ని) స్కానర్‌తో మళ్లీ నేర్పించరు. మసి పోయినాక అదే తెరుపులోంచి గాలి ఎక్కువ దూరుతుంది, ఐడిల్ 1500 దాటి నిలబడుతుంది. ఆటోమేటిక్‌లో డీ వేయంగానే బండి ముందుకు గుంజుతుంది.

క్లాక్‌టవర్_డ్రైవింగ్ (అనంతపురం)

ఇద్దరూ వైర్ల కాడ కొట్లాడుకుంటున్నారు, నేను పెడళ్ల కాడికి వస్తా.

కాలు ఎందుకు తప్పుతుందో చూడండి. మడమ నేల మీద ఆనించి పెట్టుకుంటే పాదం బ్రేకుకూ యాక్సిలరేటర్‌కూ మధ్య తిరుగుతుంది, గురి ఉంటుంది. కాసేపల్లి, మరూరు టోల్‌గేట్ల కాడ ఫాస్టాగ్ పడకపోతే మనిషి కిటికీలోంచి కుడిపక్కకు వంగుతాడు. నడుము కుడికి జరిగింది, దాంతోపాటు మడమా జరిగింది. తిరిగి కూర్చోకుండానే బ్రేకు అనుకుని తొక్కుతాడు, పాదం యాక్సిలరేటర్ మీదుంటుంది. బండి కదలంగానే బ్రేకు చాలలేదనుకుని ఇంకా గట్టిగా తొక్కుతాడు. ఆ మనిషి అబద్ధం చెప్పడంలేదు, బ్రేకే తొక్కినానని నిజంగా నమ్ముతాడు. మాన్యువల్‌లో అయితే ఎడమకాలు క్లచ్ తొక్కి కాపాడుతుంది, ఆటోమేటిక్‌లో ఆ రెండో అవకాశం లేదు.

కిటికీలోంచి వంగే ముందు గేరు న్యూట్రల్‌లో వేసి హ్యాండ్‌బ్రేకు లాగండి. నేర్పేటప్పుడు మొదటి రోజే అలవాటు చేయాల్సింది ఇది.

ఇంక మ్యాట్లు. డెకర్ షాపుల్లో కంపెనీ మ్యాటు తీయకుండా దాని మీదనే మందం 7డీ మ్యాటు వేసి పంపిస్తారు. కింద కొక్కేలుండవు, ఎర్రమట్టి పొడి చేరిందంటే జారుతుంది. ఇంజన్ ఆపేసి ఇట్లా చూడండి: మ్యాటును చేత్తో ఎంత ముందుకు పోతే అంత నెట్టండి. యాక్సిలరేటర్‌ను చేత్తోనే అడుగంటా నొక్కి వదలండి. టక్కుమని పైకి రావాల. పెడల్ కింది అంచు మ్యాటు అంచుకు తగిలి ఒక్క క్షణం ఆగినా ఆ మ్యాటు తీసి పారేయండి. డ్రైవర్ సీటు కింద నీళ్ల బాటిల్ పెట్టొద్దు, సడన్ బ్రేకుకు దొర్లుకుంటా వచ్చి బ్రేకు పెడల్ కింద ఇరుక్కుంటుంది. హవాయి చెప్పుల సంగతీ అంతే, మడమ కాడ పట్టు ఉండదు, ముందు అంచు మడత పడి పెడల్ కిందికి దూరుతుంది.

పెన్నా_డీజిల్ (ప్రొద్దుటూరు)

డీజిల్ బండ్ల మాట ఎవరూ ఎత్తలేదు. తాళం తీసినా ఇంజన్ ఆగకుండా రేస్ పట్టుకుందంటే అది కాలూ కాదు, వైరూ కాదు.

ఇంజన్‌లోకి గాలిని ఒత్తి పంపే టర్బో షాఫ్టు సీలు పోయిందంటే ఇంజన్ ఆయిలే గాలిపైపులోకి వస్తుంది. డీజిల్ ఇంజన్ ఆ ఆయిల్నే ఇంధనంగా తాగుతుంది. ఎంత తాగితే అంత తిరుగుతుంది, ఎంత తిరిగితే అంత తాగుతుంది. డీజిల్ బందు చేసినా లాభంలేదు. ఎర్రగుంట్ల పక్క సిమెంటు దుమ్ములో, నాపరాయి క్వారీ రోడ్లలో తిరిగే బండ్లకు ఇంకా జాగ్రత్త కావాల. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోతే టర్బో ముందర పీల్పు ఎక్కువై, సీలు కొంచెం వదులుగా ఉన్నా ఆయిల్ లాక్కుంటుంది. పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగొద్దు, ఆ రోడ్ల మీద సగానికే ఫిల్టర్ విప్పి చూడాల.

ముందుగానే కనపడే గుర్తులు: నీలం పొగ, ఇంటర్‌కూలర్ పైపు విప్పితే లోపల ఆయిల్ మడుగు, టర్బో షాఫ్టు పట్టుకుని ముందుకూ వెనక్కూ లాగితే ఆట. పక్కలకు కొంచెం ఆట మామూలే, పొడుగునా చేతికి తెలిసేంత ఆట ఉండకూడదు. డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉన్న బండ్లలో డిప్‌స్టిక్ కూడా చూడండి. మసి కాల్చుకోవడానికి అదనంగా కొట్టిన డీజిల్ కొంత ఆయిల్లోకి దిగుతుంది. లెవెల్ పై గీత దాటి, డీజిల్ వాసన వచ్చిందంటే ఆయిల్ మార్చేదాకా తోలొద్దు.

మాన్యువల్ అయితే బండి నిలిపి, టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ ఒక్కసారిగా వదలండి, ఇంజన్ పడిపోతుంది. అది కుదరకపోతే గాలి మూయాల: ఇన్‌టేక్ నోటికి చెక్కపలక అదమాల. చెయ్యి పెట్టొద్దు, గుడ్డ పెట్టొద్దు, లోపలికి లాగేస్తుంది.

తుంగభద్ర_44

పెన్నా అన్నా, నువ్వు చెప్పింది అక్షరాలా నిజం. కానీ అది ఇంజన్ రేస్ పట్టుకోవడం, కారు ఉరకడం కాదు. క్లచ్ తొక్కితే బండి కదలదు. పొగ వస్తుంది, మోత వస్తుంది, ఆయిల్ ఖాళీ అవుతుంది, ఆనవాళ్లన్నీ మిగులుతాయి. నేనన్నది ఏ ఆనవాలూ లేని కేసుల గురించి.

గండికోట, పికప్ బాక్స్ సంగతిలో నా మాట సవరించుకుంటా. అది తగిలించి ఉంటే ముందు దాన్ని పీకి, ఆ తర్వాతే ఎవరి తప్పో మాట్లాడాల.

చిత్రావతి_కీ (అనంతపురం)

నిజంగా ఉరికితే తాళం తీసేయడం సులువు కదా?

క్లాక్‌టవర్_డ్రైవింగ్

వద్దు! పోతున్న బండిలో తాళం చివరిదాకా తిప్పి బయటికి లాగినావంటే స్టీరింగ్ లాక్ అవుతుంది. వరుస ఇది. బ్రేకు ఒక్కసారే, బలమంతా పెట్టి తొక్కి పట్టు. పంపు కొట్టొద్దు: పెట్రోల్ ఇంజన్‌లో థ్రాటిల్ పూర్తిగా తెరుచుకున్నప్పుడు బ్రేకుకు బలమిచ్చే వాక్యూమ్ తయారుకాదు, బూస్టర్‌లో నిలవున్నది ఒకటి రెండు తొక్కుళ్లకే అయిపోతుంది, తర్వాత పెడల్ రాయిలాగా అయితుంది. తొక్కిపట్టే న్యూట్రల్ వేయి, మాన్యువల్ అయితే క్లచ్ కూడా. ఇంజన్ అరుస్తుంది, అరవనీ, మరీ ఎక్కువ తిరగకుండా ఆపే లిమిటర్ ఉంది. బండి నిలబడినాకే ఇంజన్ ఆపు.

బటన్ స్టార్ట్ బండ్లలో పోతున్నప్పుడు బటన్ ఒక్కసారి నొక్కితే ఆగదు, చాలా మోడళ్లలో 3 సెకన్లు నొక్కిపట్టాల. 2009 ఆగస్టులో శాన్ డియాగో కాడ డీలరు వాడుకోమని ఇచ్చిన లెక్సస్‌లో నలుగురు పోయినారు. అందులో వేరే మోడల్ మ్యాటు వేసి ఉంది, అది పెడల్‌ను పట్టేసింది. ఆ బండిలోనూ బటన్ 3 సెకన్లు పట్టుకోవాల్సిందే. మీ బండి పుస్తకంలో ఎంతసేపని రాసిందో ఇప్పుడే చూసుకోండి.

బురుజు_వకీలు (కర్నూలు)

సాక్ష్యం గురించి రెండు మాటలు. గుద్దిన తర్వాత జనం చేసే మొదటి తప్పు, బండిని మళ్లీ స్టార్ట్ చేసి చూడటం. రెండోది, సర్వీస్ సెంటర్లో కోడ్లు తుడిచేయనివ్వడం. బండి జరపకముందే పెడళ్లు, మ్యాటు, గేరు లివర్ దగ్గర నుంచి ఫోటో తీయండి. చెప్పులు కూడా దాచిపెట్టండి. 2024 జులైలో సియోల్‌లో తొమ్మిది మంది చనిపోయిన ప్రమాదంలో డ్రైవర్ బ్రేకే తొక్కానన్నాడు. కానీ అతని బూటు అడుగున ఉన్న ముద్ర యాక్సిలరేటర్ పెడల్‌ది. ముద్ర బ్రేకుదై ఉంటే అదే బూటు అతన్ని కాపాడేది.

ఎయిర్‌బ్యాగ్ కంప్యూటర్లో రికార్డు ఉండే మోడళ్లలో ఢీకొట్టడానికి ముందు 5 సెకన్ల వేగం, పెడల్ శాతం, బ్రేకు స్విచ్ దొరుకుతాయి. అది చదివే వరకు ఆ కంప్యూటర్ మార్చొద్దని డీలరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) తనిఖీకి వచ్చినప్పుడు బ్రేకులతో పాటు యాక్సిలరేటర్ తిరిగి వస్తోందా, మ్యాటు ఎలా ఉంది అన్నది కూడా రిపోర్టులో రాయమని అడగండి.

లోపం ఉందని నమ్మితే 2019 వినియోగదారుల చట్టం కింద జిల్లా కమిషన్‌కు రెండేళ్లలోపు వెళ్లాలి. సెక్షన్ 38 కింద బండిని ప్రయోగశాల పరీక్షకు పంపమని అడగొచ్చు. రిపోర్టు లేకుండా "దానంతటదే ఉరికింది" అన్న ఒక్క మాటతో కేసు నిలబడటం కష్టం. ఒకే మోడల్ మీద పలువురి ఫిర్యాదులుంటే మోటారు వాహనాల చట్టం 110ఏ కింద రీకాల్ దారి వేరే ఉంది.

గండికోట_గేరు

వకీలు సార్ చెప్పిందానికి ఒకటి కలుపుతా. రికార్డులో "పెడల్ 100 శాతం" అని ఉంటే అది సెన్సార్ పంపిన లెక్క, కాలు తొక్కిన లెక్క కాదు. అందుకే ఆ రిపోర్టుతో పాటు పెడల్ విడిగా తీయించి, వోల్టు మీటరు పెట్టి, మెల్లగా నొక్కుతూ రెండు సిగ్నళ్లూ కలిసి ఎక్కుతున్నాయా, ఎక్కడైనా దూకుతున్నాయా అని రాయించుకోవాల. సాకెట్ కాడ వైర్లను ఊపుతూ ఇంకోసారి చూడాల. అరగంట పని.

తుంగభద్ర_44

దానికి నేనూ ఒప్పుకుంటా. కానీ మీటరు సరిగ్గానే చూపించి, మధ్యలో బాక్స్ ఏదీ లేక, మ్యాటు కొక్కేనికే ఉండి, బ్రేకు స్విచ్ "ఆఫ్" అని రికార్డులో ఉంటే, అప్పుడు తొక్కింది యాక్సిలరేటరే అంటా. అంతవరకు బండిని కదిలించకండి.