మా తాత రాసిన రైలు పుస్తకాలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

అందరికీ నమస్కారం. మాది మహబూబ్‌నగర్. మా తాతకు ఇక్కడ చిన్న ప్రెస్సు ఉండేది. పెళ్లి పత్రికలు, బిల్లు బుక్కులు అచ్చేసి సంపాదించిందంతా తను రాసిన రైలు పుస్తకాలకే పోసేవాడు (నానమ్మ తిట్లు అదనం). కాచిగూడ నుంచి కర్నూలు వైపు మీటర్ గేజ్ బండ్లు నడిచిన రోజుల్లో ప్రతి స్టేషన్‌లో దిగి, స్టేషన్ మాస్టర్లతో ముచ్చట పెట్టి రాసుకొచ్చేవాడట.

ఇప్పుడు మిగిలింది ఒక్కటే పుస్తకం, చెదలు తినగా. 1916 నాటి కాచిగూడ స్టేషన్‌తో మొదలై జడ్చర్లలో ఆగిపోతుంది. మన ఊరు రాకముందే! మధ్యలో పంచ్ గాటు పడిన పాత అట్ట టికెట్ ఒకటి దొరికింది, అంకెలు చెరిగిపోయాయి.

దేవరకద్ర, గద్వాల వైపు పాత లైబ్రరీల్లో ఇలాంటివి ఎవరైనా చూశారా? నిజాం రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే వచ్చింది కదా, మరి ఆ కాలం టైంటేబుళ్లు ఎక్కడ వెతకాలి?

ఇంకోటి, పేజీలు ముట్టుకుంటే పొడి రాలుతున్నాయి. జిరాక్స్ షాపతను లామినేషన్ చేయించమన్నాడు. భయమేసి ఆగాను. చేయించొచ్చా? తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.