మూత్రంలో 17-కీటోస్టీరాయిడ్లు: శాంపిల్ ట్యూబు గోధుమ రంగులో వస్తోంది, ఎవరైనా చేశారా?

శ్రావణి_ఎంఎస్సీ:
నమస్కారం అండీ. ప్రాక్టికల్స్‌లో 17-కీటోస్టీరాయిడ్లు (ఎక్కువగా ఆండ్రోజెన్ హార్మోన్లు విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాలు) కొలవడానికి జిమ్మర్‌మన్ పద్ధతి చేస్తున్నాం, అంటే డైనైట్రోబెంజీన్‌తో రంగు తెప్పించి ఆ రంగును కొలవడం. స్టాండర్డ్ ట్యూబు చక్కగా ఊదా రంగుకి వస్తోంది. మూత్రం ట్యూబు మాత్రం గోధుమగా మారిపోతోంది, 520 నానోమీటర్ల కాంతి దగ్గర రీడింగ్ మరీ ఎక్కువ. అదంతా హార్మోనేనా?

పాతల్యాబ్_రావు:
కాదమ్మా. యాసిడ్ పోసి వేడి చేసినప్పుడు మూత్రంలో ఉన్న వేరే పదార్థాలూ రంగు పుట్టిస్తాయి. ఈథర్‌లోకి తీశాక సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగారా? సెపరేటింగ్ ఫనెల్‌లో కింది పొర మొదట టీ డికాక్షన్‌లా దిగుతుంది. అది తేటగా దిగేదాకా కడగాలి. ఈస్ట్రోజెన్లు కూడా ఆ కడుగులోనే పోతాయి. ఆల్కహాలిక్ కేఓహెచ్ (ఆల్కహాల్‌లో పొటాషియం హైడ్రాక్సైడ్) ఏ రోజుకారోజు కలుపుకోండి, నిలవదైతే దానికదే రంగెక్కుతుంది. డైనైట్రోబెంజీన్ చర్మంలోంచి ఒంట్లోకి పోయే విషం, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. ఈథర్ దగ్గర బర్నర్ అసలే వద్దు.

బయోకెమ్_కవిత:
ఎంత కడిగినా కొంత మిగులుతుంది, అందుకే ఆలెన్ కరెక్షన్. 440, 520, 600 నానోమీటర్ల దగ్గర రీడింగులు తీసి, రెండు చివరల సగటును 520 రీడింగులోంచి తీసేయండి. ఉదాహరణకి 0.42, 0.55, 0.18 వచ్చాయనుకోండి. సగటు 0.30, మిగిలేది 0.25. అంటే సగానికి పైగా అక్కర్లేని రంగే! స్టాండర్డ్‌కీ ఇదే లెక్క కట్టాలి.

అనిల్_కాకినాడ:
నేను ల్యాబ్ మనిషిని కాదు. మా అక్కకి బీపీ ఉన్నట్టుండి పెరిగిపోతుంటే వీఎంఏ టెస్ట్ (అడ్రినలిన్ లాంటి హార్మోన్లు విరిగి మూత్రంలోకి వచ్చే పదార్థాన్ని కొలిచేది) రాశారు. అడుగున యాసిడ్ పోసిన క్యాన్ ఇచ్చారు కానీ అరటిపండు, కాఫీ, వెనిల్లా మానాలని ఎవరూ చెప్పలేదు. మళ్లీ మొదటినుంచి పట్టాల్సి వచ్చింది. పేషెంట్‌కి ఒక్క చీటీ రాసిస్తే ఆ టెన్షన్ ఉండదు కదండీ.

పాతల్యాబ్_రావు:
నిజం బాబూ. కొన్ని పాత రంగు పద్ధతుల్లో అవి రీడింగ్ పెంచేస్తాయి. పట్టడం కూడా వివరంగా చెప్పాలి. పొద్దున మొదటి మూత్రం పారబోసి టైం రాసుకోవాలి, అక్కణ్నుంచి పోసిందంతా క్యాన్‌లో పట్టి, మర్నాడు అదే టైంకి పోసింది కూడా కలపాలి. రోజూ దాదాపు ఒకే మోతాదులో మూత్రంలోకి వచ్చే క్రియాటినిన్ కూడా చూస్తే తక్కువ పట్టారేమో అనుమానం వస్తుంది.

శ్రావణి_ఎంఎస్సీ:
థాంక్సండీ, ఈసారి బాగా కడిగి చూస్తా. కవితగారూ, ఈ విలువ టెస్టోస్టెరాన్‌కి సరిపోతుందా?

బయోకెమ్_కవిత:
సరిపోదు. టెస్టోస్టెరాన్‌లో 17వ కార్బన్ మీద కీటోన్ లేదు, కాబట్టి ఇందులో లెక్కకి రాదు. అది విరిగి వచ్చే ఆండ్రోస్టెరాన్ లాంటివి వస్తాయి. మగవాళ్లలో కూడా వీటిలో మూడింట రెండొంతులు అడ్రినల్ గ్రంథులవే. రికార్డులో 'మొత్తం 17-కీటోస్టీరాయిడ్లు' అనే రాయండి.