టెక్సాస్ ఎన్నికల బిల్లు మీద మన మాట కమిటీకి చేరాలంటే?

ఫ్రిస్కో_ఓటరు:
ఓటరు నమోదుకు పౌరసత్వ రుజువు అడిగే ఎస్‌బీ 16 (సెనేట్ బిల్లు 16), 2025లో టెక్సాస్ సెనేట్ దాటింది కానీ హౌస్‌లో ఓటింగుకు రాకుండానే సెషన్ ముగిసింది. 2027లో అలాంటిదే మళ్లీ వస్తే? ఒక కాగితంలో ఇంటిపేరు ముందు, ఇంకోదాంట్లో వెనక, మరోదాంట్లో పొడి అక్షరమే ఉన్న పెద్దవాళ్లు మనలో చాలామంది. ఎవరికి, ఎప్పుడు చెప్పాలి? రాజధాని ఆస్టిన్ వెళ్లక తప్పదా? హెచ్1బీ వాళ్లు కూడా మాట్లాడొచ్చా?

బిల్లు_కాపలా:
ముందు తేదీలు రాసిపెట్టుకోండి. టెక్సాస్ శాసనసభ బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై గరిష్ఠంగా 140 రోజులు నడుస్తుంది. అంటే 2027 జనవరి 12 నుంచి మే 31. బిల్లులు 2026 నవంబరు 9 నుంచే దాఖలవుతాయి, మామూలు బిల్లులకు గడువు మార్చి 12. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ సైటులో ఖాతా తెరిచి బిల్లు నంబరుకు, హౌస్ ఎలక్షన్స్ కమిటీకి, సెనేట్ స్టేట్ అఫైర్స్ కమిటీకి అలర్టులు పెట్టుకోండి. ఒకే బిల్లు రెండు సభల్లో రెండు నంబర్లతో ఉండొచ్చు, రెండిటి మీదా కన్నేయాలి.

అసలు అదను కమిటీ హియరింగే, అంటే బిల్లు మీద జనం మాట కమిటీ వినే సమావేశం. హౌస్ 5 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, సెనేట్‌కు 24 గంటలు చాలు. నోటీసు చూశాక లేఖ మొదలుపెడితే సెనేట్ హియరింగ్ అందదు. నోటితో చెప్పాలంటే ఆస్టిన్ వెళ్లాల్సిందే. సాక్షిగా పేరు నమోదు చేసుకుని అనుకూలం, వ్యతిరేకం, తటస్థం అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవాలి. మాట్లాడకపోయినా మీ వైఖరి రికార్డులోకి ఎక్కుతుంది. మాట్లాడితే రెండు మూడు నిమిషాలే ఇస్తారు, కాబట్టి అడిగే మార్పు మొదటి వాక్యంలోనే రావాలి. వెళ్లలేనివాళ్లకు హౌస్ సైటులో ఆన్‌లైన్ వ్యాఖ్యల ఫారం ఉంది, హియరింగ్ ముగిసేలోపు పంపాలి. అది అందరికీ కనబడుతుంది, అమ్మానాన్నల పుట్టినతేదీలు, సర్టిఫికెట్ నంబర్లు అందులో రాయకండి.

ప్లేనో_పాఠకురాలు:
పై జవాబుకు ఒక చేర్పు. చాలామంది వాషింగ్టన్‌లోని కాంగ్రెస్ సభ్యుడికి రాసేస్తారు. ఆయనకు ఈ బిల్లు మీద ఓటు లేదు. మీ రాష్ట్ర హౌస్ సభ్యుడు (150 మందిలో ఒకరు), రాష్ట్ర సెనేటర్ (31 మందిలో ఒకరు) ఎవరో చిరునామాతో వెతకండి.

బిల్లు పాఠం తప్పకుండా చదవండి. కొత్త మాటల కింద గీత ఉంటుంది, తీసేసేవి బ్రాకెట్లలో కొట్టివేసి ఉంటాయి. హియరింగు రోజు కమిటీ ప్రత్యామ్నాయ పాఠం పెడితే మీరు చదివిన సెక్షన్ నంబరు మారిపోతుంది. అందుకే నంబరుతోపాటు ఆ వాక్యాన్ని కూడా లేఖలో ఎత్తి రాయండి. "ఈ బిల్లు వద్దు" అన్న నకలు లేఖ వందమంది పంపినా ఒకటే లెక్క అవుతుంది. "పత్రాల్లో పేరు క్రమం వేరుగా ఉంటే నమోదు అధికారి ఏం చేయాలో ఇక్కడ లేదు, ప్రమాణపత్రం అంగీకరించాలని చేర్చండి" అంటే సిబ్బంది చేతిలో సవరణ ముసాయిదా పెట్టినట్టే.

ఇక ఎస్‌బీ 16 కొత్తగా నమోదయ్యేవాళ్లకే అనుకుని చాలామంది పట్టించుకోలేదు. అప్పటికే జాబితాలో ఉన్నవాళ్లనూ అది రుజువు అడిగింది. రుజువు చూపనివాళ్లకు యూఎస్ హౌస్, సెనేట్ పోటీల్లో మాత్రమే ఓటు మిగిలేది.

బిల్లు_కాపలా:
హెచ్1బీ ప్రశ్న మిగిలింది. సాక్ష్యం చెప్పడానికి పౌరసత్వం అక్కర్లేదు. హౌస్ ఆన్‌లైన్ ఫారానికి టెక్సాస్ నివాసి అయితే చాలు. కానీ ఓటు నమోదు జోలికి పోకూడదు, అభ్యర్థులకు విరాళమూ ఇవ్వకూడదు. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు విరాళం ఇవ్వొచ్చు, ఓటు మాత్రం వేయకూడదు.

ఫ్రిస్కో_ఓటరు:
ధన్యవాదాలండీ. మే 31 దాటితే ఇక భయం లేనట్టేనా?

ప్లేనో_పాఠకురాలు:
లేదండీ. గవర్నరు 30 రోజుల ప్రత్యేక సమావేశం ఎప్పుడైనా పిలవొచ్చు. 2021 నాటి ఎన్నికల బిల్లు ఎస్‌బీ 1 అలా రెండో ప్రత్యేక సమావేశంలోనే పాసైంది. అలర్టులు తీసేయకండి. బిల్లు పాసై సభ ముగిస్తే వీటోకు 20 రోజులుంటాయి, అప్పుడు గవర్నరు కార్యాలయానికి రాయాలి.