నాన్నకి 54లో బైపాస్, నాకిప్పుడు 41: స్టాటిన్ మొదలెట్టాలా, ఆగాలా?

కూకట్‌పల్లి కుర్చీ (ప్రశ్న)

రోజుకి పది గంటలు కుర్చీలోనే ఉంటాను, అందుకే ఈ పేరు. ఆఫీసు హెల్త్ చెకప్‌లో వచ్చిన అంకెలివి: మొత్తం కొలెస్ట్రాల్ 226, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) 36, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో ఇంకో రకం కొవ్వు) 210, ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) 148. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగరు సగటు) 5.9. బీపీ 132/84. బొడ్డు దగ్గర టేపు పెడితే 97 సెంటీమీటర్లు (ప్యాంటు మాత్రం 34 అనే చెప్పుకుంటాను). సిగరెట్ లేదు. ఈసీజీ, టూడీ ఎకో, ట్రెడ్‌మిల్ అన్నీ నార్మల్.

నాన్నకి 54లో హార్ట్ ఎటాక్ వచ్చింది. రాత్రి గుండెల్లో మంటగా ఉందంటే గ్యాస్ అనుకుని సోడా తాగించాం. తెల్లారాక తీసుకెళ్లాం. మూడు నాళాలు పూడుకుపోయాయని బైపాస్ చేశారు.

నా రిపోర్టు చూసి ఒక డాక్టరుగారు రోసువాస్టాటిన్ 10 (కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర) రాసి, "ఇక మానొద్దు" అన్నారు. రెండో ఆయన ఫోన్ తీసి, అమెరికా వాళ్ల 2013 నాటి క్యాలిక్యులేటర్‌లో నా అంకెలు కొట్టారు. పదేళ్ల రిస్కు 2.7 శాతం అని వచ్చింది. "చాలా తక్కువ, పొట్ట తగ్గించు, తర్వాత చూద్దాం" అన్నారు. చీటీ పదకొండు రోజులుగా పర్సులోనే ఉంది. మీరైతే ఏం చేస్తారు?

మట్టికుండ

చించి పారేయండి. 2.7 అంటే ఏమిటి? మీలాంటి వాళ్లు వందమంది ఉంటే, పదేళ్లలో ముగ్గురికి లోపే గుండెపోటో పక్షవాతమో వస్తుంది. మాత్ర వేస్తే ఆ ముగ్గురిలో ఒకరు తప్పించుకుంటారేమో. మిగతా 99 మంది పదేళ్లపాటు రోజూ ఉత్తినే మింగాలి. దీన్ని "రిస్కు మూడోవంతు తగ్గుతుంది" అని చెప్పి కంపెనీలు అమ్మి దోచుకుంటాయి. మూడు కాస్తా రెండయింది అంటే ఎవరు కొంటారు?

పైగా మీ షుగరు అంచు మీదుంది. స్టాటిన్ షుగరు పెంచుతుందని వాళ్ల మందు కాగితంలోనే ఉంటుంది. మా బాబాయి అటోర్వా (అదీ స్టాటినే) వేసుకుని పిక్కల నొప్పితో మెట్లెక్కలేకపోయాడు. మానేశాక బాగున్నాడు. ఇంకో సంగతి. 2021లో పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయారు. 2022లో మన మంత్రి మేకపాటి గౌతమ్‌రెడ్డి 50 ఏళ్లకే పోయారు. ఇద్దరూ వ్యాయామం చేసే మనుషులే. ఇక ఈ లెక్కలెందుకు?

తెనాలి మాత్రలు

ముప్ఫై ఏళ్లు మందుల షాపు నడిపి ఇప్పుడు కొడుక్కి అప్పజెప్పాను. కుండగారూ, కంపెనీల దోపిడీ అనే మాట ఈ మందుకి అతకదండీ. అటోర్వాకీ రోసువాకీ పేటెంట్లు పోయి చాలా ఏళ్లయింది. మన హైదరాబాద్ చుట్టూనే బోలెడంత తయారవుతోంది. జనరిక్ తీసుకుంటే రోజు ఖర్చు టీ కన్నా తక్కువ.

నేను కౌంటర్ దగ్గర చూసిన అసలు జబ్బు వేరే ఉంది. మూడు నెలలు వేసుకుంటారు, రిపోర్టు నార్మల్ వస్తుంది, "తగ్గిపోయింది గదా" అని మానేస్తారు. అది జ్వరం కాదు తగ్గిపోవడానికి. ఇంకో మూడు నెలలకి అంకె మళ్లీ మొదటికే. ఇలాంటి వాళ్లే ఆస్పిరిన్ 75 మాత్రం ఎవరూ రాయకుండానే కొనుక్కుని ఏళ్ల తరబడి మింగుతారు. గుండె జబ్బు లేనివాళ్లకి ఆస్పిరిన్ మేలు చేస్తుందా అని 2018లో మూడు పెద్ద ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. వచ్చిన కాస్త మేలుకీ రక్తస్రావం ముప్పుకీ సరిపోయింది. వేసుకోవాల్సింది మానేసి, అక్కర్లేనిది మింగుతారు. ఏం చెప్తాం!

డ్యూటీరూం

గుంటూరులో జనరల్ మెడిసిన్ చేస్తున్నాను. ఇక్కడ ఎవరికీ డోసు చెప్పను, లెక్క మాత్రం విప్పి చెప్తాను.

కుండగారి కూడికలు తప్పు కాదు. రోసువా 10 ఈయన ఎల్‌డీఎల్‌ని సుమారు 80కి దింపవచ్చు. ఎల్‌డీఎల్ ప్రతి 39 పాయింట్ల తగ్గుదలకీ గుండెపోటు, పక్షవాతం లాంటివి ఐదో వంతు తగ్గుతాయని ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన లెక్క. 2.7 కాస్తా ఒకటిన్నర, రెండు మధ్యకి వస్తుంది. ఇంతవరకూ ఒప్పుకుంటాను.

నాకు పేచీ ఆ 2.7తోనే. ఆ క్యాలిక్యులేటర్ అడిగేవి వయసు, ఆడా మగా, జాతి, కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్, బీపీ, దానికి మందు వాడుతున్నారా, షుగరు జబ్బు ఉందా, సిగరెట్ ఉందా, అంతే. నాన్న సంగతి అడగదు. ట్రైగ్లిజరైడ్లు అడగదు, నడుము అడగదు. 5.9ని "షుగరు లేదు" అని రాసుకుంటుంది. దాన్ని కట్టింది అమెరికా తెల్లవాళ్ల, నల్లవాళ్ల లెక్కల మీద. 2004లో వచ్చిన ఇంటర్‌హార్ట్ అనే 52 దేశాల అధ్యయనంలో మన దక్షిణాసియా వాళ్లకి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది. మిగతా దేశాలవాళ్లకి 59. అమెరికా వాళ్లే 2018 మార్గదర్శకాల్లో దక్షిణాసియా మూలాన్నీ, తండ్రికి 55 లోపు గుండె జబ్బు రావడాన్నీ రిస్కు పెంచేవాటిలో చేర్చారు. కుర్చీగారికి రెండూ ఉన్నాయి.

ఇక వయసు. ఈ లెక్కలన్నిట్లో పెద్ద బరువు వయసుదే. 41 ఏళ్ల వాడికి పదేళ్ల రిస్కు దాదాపు ఎప్పుడూ తక్కువే చూపిస్తుంది. ఇవే అంకెలకి వయసు 60 అని కొట్టి చూడండి, తెలుస్తుంది. కానీ నాళంలో కొవ్వు పేరుకోవడం 60లో మొదలవదు. నాన్నగారి నాళాలు 54లో ఆ రాత్రి ఒక్కసారిగా పూడుకుపోలేదు కదా.

"అన్నీ నార్మల్" గురించి కూడా చెప్పాలి, రోజూ వినే మాట కాబట్టి. ఎకో చూపేది గుండె పంపు ఎలా కొడుతోందో. ట్రెడ్‌మిల్ పట్టేది నాళం బాగా ఇరుకైనప్పుడు. చాలా గుండెపోట్లు అంత ఇరుకు లేని చోట, మెత్తటి కొవ్వు పొర చిట్లి రక్తం గడ్డకట్టడం వల్ల వస్తాయి. అది పట్టే పరీక్షలు కావవి.

పునీత్, గౌతమ్‌రెడ్డి గార్ల రిపోర్టులు మనకెవరికీ తెలియవు. వాళ్ల పేర్లతో ఏ వాదమూ గెలవదు, నాది కూడా.

మట్టికుండ

డాక్టరుగారూ, బాబాయి పిక్కల నొప్పికి జవాబు దాటేశారు. అది కూడా క్యాలిక్యులేటర్ తప్పేనా?

లెస్టర్ లక్ష్మి

దానికి నేను చెప్తానండీ. ఇంగ్లండ్‌లో జీపీ (ఫ్యామిలీ డాక్టరు) క్లినిక్‌లో ఫార్మసిస్టుని, మాది భీమవరం. 2020లో లండన్‌లో సామ్సన్ అని ఒక ప్రయోగం చేశారు. ఇబ్బందులొచ్చి స్టాటిన్ మానేసిన 60 మందికి నెలకొకటి చొప్పున పన్నెండు సీసాలిచ్చారు. నాలుగింట్లో స్టాటిన్, నాలుగింట్లో ఉత్తుత్తి మాత్రలు, నాలుగు ఖాళీ. ఏ నెల స్టాటిన్, ఏ నెల ఉత్తుత్తిదో వాళ్లకి తెలీదు. రోజూ బాధ ఎంతుందో ఫోన్లో నూటికి మార్కులేశారు. స్టాటిన్ నెలల్లో సగటు 16.3, ఉత్తుత్తి మాత్రల నెలల్లో 15.4, ఏమీ లేని నెలల్లో 8. మీ బాబాయిగారి నొప్పి అబద్ధం కాదు. మాత్ర మింగుతున్నానన్న భయంలోంచి చాలామందికి నిజమైన నొప్పే వస్తోంది. లెక్క చూపించాక అందులో సగం మంది మళ్లీ మొదలెట్టారు. నిజంగా కండరాలు దెబ్బతినేవాళ్లూ ఉన్నారు, కాకపోతే తక్కువ. షుగరు మాట మాత్రం కుండగారిదే నిజం. అంచున ఉన్నవాళ్లని స్టాటిన్ కాస్త ముందే అటు నెడుతుంది. హెచ్‌బీఏ1సీ చూసుకుంటూ ఉండాలి.

ఇక్కడ మేము వాడే క్యూరిస్క్ అనే క్యాలిక్యులేటర్‌లో "ఇండియనా, పాకిస్తానీనా, బంగ్లాదేశీనా" అని ప్రశ్న ఉంటుంది, ఇంట్లో ఎవరికైనా 60 లోపు గుండె జబ్బు ఉందా అనీ అడుగుతుంది. రిస్కు 10 శాతం దాటితే మందు ఇస్తామంటాం. 2023 చివర్నుంచి అంతకంటే తక్కువున్నా, మనిషి కావాలంటే కాదనక్కర్లేదన్నారు. కుర్చీగారికి నా సలహా ఒకటే. మందు మాట ఎలా ఉన్నా, లైపోప్రోటీన్-ఏ (రక్తంలో ఎల్‌డీఎల్ లాంటి ఇంకో కొవ్వు కణం) పరీక్ష ఒక్కసారి చేయించండి. ల్యాబ్‌లో ఎల్‌పీ లిటిల్ ఏ అంటారు. పుట్టుకతో వచ్చేది, తిండితో పెద్దగా మారదు, జీవితంలో ఒకసారి చూస్తే చాలు. డెసీలీటరుకి 50 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ కింద లెక్క. ఇండియా కార్డియాలజీ సొసైటీ వాళ్లు కూడా 2024లో ఇదే చెప్పారు.

వరంగల్ స్టీరింగ్

అన్నా, మీరు గీ లెక్కలన్ని మంచిగనే చెప్తున్రు. నేను క్యాబ్ నడుపుత. పొద్దుగాల ఆరింటికి ఎక్కితే రాత్రి పదింటికి దిగుడు. నడువుమంటరు, ఏడ నడువాలె? ఎయిర్‌పోర్ట్ పార్కింగ్‌ల తిరిగితే సెక్యూరిటోడు బండి తియ్యుమంటడు. బీపీ 160 ఉన్నదని గోళీ రాసిండ్రు. నెల వేసుకున్న, మంచిగనిపిచ్చింది, బంద్ చేసిన. తెనాలి సార్ చెప్పింది నా గురించే అనుకుంట. నాకు ఏది ముందు చేయాల్నో అది చెప్పున్రి, పది పరీక్షలు నా తోని కాదు.

డ్యూటీరూం

తమ్ముడూ, ఆ గోళీ రేపు పొద్దున మళ్లీ మొదలెట్టు. నీకు అన్నిటికన్నా ముందు అదే. సిగరెట్ గానీ గుట్కా గానీ ఉంటే రెండోది అది. స్కోర్లూ స్కాన్లూ నీకిప్పుడు వద్దు. బీపీ చూపించుకునేటప్పుడు మెట్లెక్కి రాగానే చేయి చాపకు. అయిదు నిమిషాలు వీపు ఆనించి కూర్చో, చేయి గుండె ఎత్తున బల్ల మీద పెట్టు, మాట్లాడకు. మన క్లినిక్కుల్లో సగం బీపీలు ఈ తొందర్లోనే తప్పుగా రాస్తున్నారు, మా దగ్గర కూడా.

కృష్ణా జిల్లా పద్మ

ఇంతసేపూ మగవాళ్ల గురించే మాట్లాడుకుంటున్నారు. నాకు 56. పోయిన ఏడాది రెండు రోజులు దవడ లాగింది, ఎడమ భుజం బరువెక్కింది, చెమటలు. ఛాతీలో నొప్పి ఏమీ లేదు. మావారు "పొద్దుటి పులిహోర అరగలేదు" అన్నారు. నేనూ అదే అనుకున్నా. అత్తగారికి మాత్రలిచ్చి, పిల్లాడికి క్యారేజీ కట్టి, అప్పుడెళ్లాను. ఆస్పత్రిలో కూడా ముందు గ్యాస్ ఇంజెక్షనే ఇచ్చారు. ఈసీజీ తీయడానికి ఇంకో గంట పట్టింది. స్టెంట్ వేశారు. కాన్పులప్పుడు నాకు బీపీ, షుగరు వచ్చి పోయాయి. అవి వచ్చినవాళ్లకి తర్వాత గుండె ముప్పు ఎక్కువని స్టెంట్ వేశాక తెలిసింది. అంతకుముందు చెప్పిన నాథుడు లేడు.

నాకు అర్థమైన ఇంకో లెక్క చెప్తాను. ఇంట్లో నలుగురం, నెలకి అయిదు లీటర్ల నూనె డబ్బా అయిపోయేది. భాగారించి చూస్తే మనిషికి రోజుకి నలభై మిల్లీలీటర్లు, అంటే ఎనిమిది చెంచాలు. బయట తినే మిర్చిబజ్జీలు ఈ లెక్కలో లేవు. ఇప్పుడు ఒకటో తారీఖున రెండున్నర లీటర్లు కొని, ఆ నెలకి అంతే అంటున్నా. మొదటి నెల ఇరవై నాలుగో తారీఖుకే అయిపోయింది. ఆ వారం ఇడ్లీలూ పప్పుచారుతో గడిపాం. మావారు అలిగారు.

మట్టికుండ

అమ్మా, మీరన్నది బంగారం. నేననేదీ అదే: నూనె, అన్నం, నడక చూసుకుంటే మాత్ర ఎందుకు? గానుగ కొబ్బరినూనె వాడండి, అదే కొలెస్ట్రాల్ చూసుకుంటుంది.

లెస్టర్ లక్ష్మి

అయ్యో, అదొక్కటీ వద్దండీ. కొబ్బరినూనెలో సుమారు తొంభై శాతం సంతృప్త కొవ్వే. గానుగలో ఆడినా, మిల్లులో ఆడినా ఎల్‌డీఎల్ పెంచుతుంది. ఆ మధ్య ఊరూరా నడిచిన కొబ్బరినూనె తాగే డైట్ చేసి బరువు తగ్గి, ఎల్‌డీఎల్ 200 దాటించుకుని ఇండియా నుంచి ఫోన్ చేసిన చుట్టాలు నాకే ముగ్గురున్నారు. మన నువ్వుల నూనె, వేరుశనగ నూనె ఏం పాపం చేశాయి, కొలిచి వాడుకుంటే?

డ్యూటీరూం

కుర్చీగారూ, సూటిగా అడిగారు కాబట్టి నా మాట. మీ ట్రైగ్లిజరైడ్లు, హెచ్‌డీఎల్, నడుము మూడూ ఒకే కథ చెప్తున్నాయి. అవి అన్నం తగ్గిస్తే, నడిస్తే బాగా కదులుతాయి. ఎల్‌డీఎల్ అంతగా కదలదు, తిండితో పది, పదిహేను శాతం తగ్గితే గొప్ప. నాన్నగారి చరిత్ర అసలే కదలదు. అందుకని నేనైతే మూడు నెలల తర్వాతి తారీఖు ఇప్పుడే క్యాలెండర్‌లో రాయించి, ఆ రోజు ఎల్‌డీఎల్ 100 పైనే ఉంటే మందు మొదలెడతాను. "తర్వాత చూద్దాం" అనేవాళ్లలో ఆ తర్వాత ఎప్పుడో చెప్పినవాళ్లని నేను చూడలేదు.

కూకట్‌పల్లి కుర్చీ (మూడు వారాల తర్వాత)

అందరికీ థాంక్స్. రాత్రి అన్నం మానేశాను, లంచ్ తర్వాత పార్కింగ్‌లో మూడు రౌండ్లు తిరుగుతున్నా. నడుము 95. సెప్టెంబర్ 14న పరీక్ష, ఫోన్లో పెట్టుకున్నా. లక్ష్మిగారు చెప్పిన లైపోప్రోటీన్-ఏ చేయించాను: 14. హమ్మయ్య అనుకున్నా.

పుట్టుకతో వచ్చేదన్నారు కదా అని చెల్లెల్ని కూడా చేయించుకోమన్నాను. తనకి 37, బరువు 52 కేజీలు, రోజూ యోగా. చెకప్‌కి ఎప్పుడూ వెళ్లలేదు, ఇంట్లో అందరూ నా పొట్ట వైపే చూసేవాళ్లం. తనకి 92 వచ్చింది. ఎల్‌డీఎల్ 126. ఆ నంబరుకి మందేమైనా ఉందా?

లెస్టర్ లక్ష్మి

దాన్ని తగ్గించే మందుల మీద పెద్ద ట్రయల్స్ జరుగుతున్నాయి, ఇంకా షాపుల్లోకి రాలేదు. చేతిలో ఉన్నది ఎల్‌డీఎల్‌ని బాగా కిందికి దించడం, బీపీ, షుగరు అదుపులో ఉంచడం. మీ చెల్లెలు స్టాటిన్ మొదలెట్టేముందు ఒక్క మాట అడగండి, పిల్లల కోసం చూస్తున్నారా? కడుపుతో ఉన్నప్పుడు సాధారణంగా స్టాటిన్ ఇవ్వరు, ముందే ఆపాలి.

కూకట్‌పల్లి కుర్చీ

ఇప్పుడే ఫోన్ చేశా. రెండో పిల్లకి చూస్తున్నారట. నిన్న చూపించిన చోట స్టాటిన్ రాసిచ్చారు, ఈ మాట అడగనే లేదట. శనివారం వేరే డాక్టరు దగ్గరికి తీసుకెళ్తున్నా. నా చీటీ కూడా పర్సులోనే ఉంది, అదీ చూపిస్తా.